లేక్ డిస్ట్రిక్ట్ వెళ్ళొచ్చాం, మంచు ముక్క కూడా కనపడలేదు, మరి గ్లేసియర్ చెక్కింది అంటారేంటి?

తణుకు_టు_మాంచెస్టర్

అందరికీ నమస్తే అండి. మాది తణుకు, ఇప్పుడు మాంచెస్టర్ పక్కన ఉంటాం, వచ్చి ఆరేళ్ళు. మా పెద్దాడు ఇయర్ 10, జీసీఎస్‌ఈకి (మన పదో తరగతి లాంటి పరీక్ష) జాగ్రఫీ తీసుకున్నాడు (కంప్యూటర్స్ తీసుకోరా అంటే "అమ్మా మనవాళ్ళందరూ అదే" అన్నాడు, ఇంక నోరు మూసుకున్నా). ఇప్పుడు వాడికిచ్చిన హోంవర్క్ ఏంటంటే గ్లేసియర్లు (హిమనీనదాలు) కొండ ప్రాంతాన్ని ఎలా మార్చాయి, అక్కడి జనం ఆ నేలని దేనికి వాడుకుంటున్నారు, నిజంగా ఉన్న చోటు ఒకటి తీసుకుని రాయాలి. కళ్ళతో చూస్తే వాడే రాసుకుంటాడు కదా అని హాఫ్ టర్మ్‌ సెలవుల్లో పులిహోర, పెరుగన్నం కట్టుకుని లేక్ డిస్ట్రిక్ట్ (ఇంగ్లండ్ వాయవ్యంలో కొండలు, చెరువులు ఉండే నేషనల్ పార్కు) వెళ్ళాం. విండర్‌మియర్ చెరువులో బోటెక్కాం, వాన పడింది, కార్లో కూర్చుని పులిహోర తిన్నాం, వచ్చేశాం. మంచు అనేది ఎక్కడా లేదు. గడ్డి, గొర్రెలు, రాళ్ళ గోడలు, చెరువు, అంతే.

దార్లో మా ఆయన "మనాలిలో చూశాం కదరా, అదే గ్లేసియరంటే" అని క్లాసు పీకబోతే వాడు "నాన్నా అది స్నో" అని హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు. ఇంటికొచ్చే దాకా ఇద్దరికీ మాటల్లేవు.

నా డౌట్లు ఇవీ. ఆ ఐసంతా కరిగిపోయి ఎన్నో వేల ఏళ్ళయిందంట, మరి అక్కడ ఉండేదని ఎలా చెప్తారు, ఎవరు చూశారు? ఐసు రాయిని ఎలా కోస్తుంది, మా ఫ్రిజ్‌లో ఐసు గ్లాసుని కూడా గీయలేదు. ఇంక జనం వాడకం అంటే గొర్రెలు, హోటళ్ళు తప్ప వాడికీ నాకూ ఏం తట్టట్లేదు. సోమవారం ఇచ్చేయాలి. పుస్తకంలో ఉన్నదే మళ్ళీ చెప్పకండి ప్లీజ్, అది వాడి దగ్గరా ఉంది.

రాతిపిచ్చి

అక్కా, మీవాడు చెప్పింది కరెక్టే, బావగారు ఏమీ అనుకోవద్దని చెప్పండి. నేను వైజాగ్‌లో జియాలజీ చదివి ఇప్పుడు లివర్‌పూల్‌లో సంబంధం లేని ఉద్యోగం చేస్తున్నా, వీకెండ్ వస్తే మాత్రం మళ్ళీ రాళ్ళే.

ఐసు రాయిని కోయదు, మీ ఫ్రిజ్ సాక్ష్యం నిజమే. ఉప్పు కాయితం చూసే ఉంటారు కదా, చెక్కని నున్నగా చేసేది కాయితమా, దాని మీద అంటించిన గరుకా? గ్లేసియర్ కూడా అంతే, ఐసు కాయితం, దాని అడుగున ఇరుక్కున్న రాళ్ళు గరుకు. ఏటేటా పడ్డ స్నో ఎండాకాలంలో కూడా కరక్కుండా మిగిలితే దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి పడి కిందది నలిగి నలిగి గాలంతా పోయి గట్టి ఐసు అవుతుంది, అది బాగా మందం అయ్యాక దాని బరువుకి అదే పల్లానికి పాకడం మొదలెడుతుంది, నిలబడి చూస్తే కదిలినట్టు కూడా కనపడదు, కానీ వేల ఏళ్ళ పాటు రాళ్ళతో అలా రుద్దుతూనే ఉంటుంది. రెండో పని పీకడం. బండ పగుళ్ళలోకి నీళ్ళు దిగి గడ్డకట్టి పైనున్న గ్లేసియర్‌తో అతుక్కుపోతాయి, అది కదిలినప్పుడు బండ ముక్క కూడా దాంతో ఊడొస్తుంది, ఊగే పన్నుకి దారం కట్టి లాగినట్టు. అందుకే ఈ కొండల్లో ఒక పక్క నున్నగా, ఇంకో పక్క విరిచేసినట్టు ఉండే బండలు కనిపిస్తాయి. నున్నటి వైపు నుంచి ఐసు ఎక్కింది, విరిగిన వైపు దిగింది. అంటే ఐసు పోయినా అది ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి వెళ్ళిందో రాయి చెప్తూనే ఉంది.

ఎవరు చూశారు అన్నారు కదా, దీనికి ఒక మంచి కథ ఉంది, మీవాడికి నచ్చుతుంది. నార్త్ వేల్స్‌లో కుమ్ ఇద్వల్ అని ఒక చోటుంది, మీకు కార్లో రెండు గంటలు. 1831 ఆగస్టులో డార్విన్ (అవును ఆ డార్విన్ గారే, ఓడెక్కే ముందు) సెడ్జ్‌విక్ అనే ప్రొఫెసర్‌తో ఆ ప్రాంతానికి వెళ్ళాడు. ఇద్దరూ శిలాజాల కోసం ప్రతి బండా పట్టి పట్టి చూశారు. చుట్టూ గీతలు పడ్డ బండలు, ఎక్కణ్ణించో వచ్చి కూర్చున్న గుండ్లు, గ్లేసియర్ మోసుకొచ్చి వదిలేసిన రాళ్ళ గుట్టలు ఉన్నాయి, ఇద్దరికీ ఏమీ కనపడలేదు. ఎందుకంటే అప్పటికి బ్రిటన్‌లో గ్లేసియర్లు ఉండేవన్న ఆలోచనే ఇక్కడ ఎవరికీ పెద్దగా లేదు. 1840లో స్విట్జర్లండ్ నుంచి అగాసీ అనే ఆయన వచ్చి స్కాట్లండ్ తిరిగి ఇవన్నీ మా ఆల్ప్స్‌లో ఉన్నట్టే ఉన్నాయే అన్నాడు. ఆల్ప్స్‌లో గ్లేసియర్ ఇంకా ఉంది, దాని కింద, దాని పక్కన రాయి ఎలా తయారవుతుందో కళ్ళతో చూడొచ్చు, అదే రకం రాయి ఐసు లేని చోట కనిపిస్తే ఇంకేమనుకోవాలి? 1842లో డార్విన్ మళ్ళీ కుమ్ ఇద్వల్ వెళ్ళాడు, ఈసారి అన్నీ కనపడ్డాయి. తర్వాత తన జీవిత కథలో రాసుకున్నాడు, కాలిపోయిన ఇల్లు కూడా తన కథని ఈ లోయంత స్పష్టంగా చెప్పదు అని.

కాబట్టి మీరు వెళ్ళి ఏమీ కనపడకుండా తిరిగొచ్చారని ఫీలవ్వకండి, మంచి కంపెనీలోనే ఉన్నారు.

కుమ్ అంటే వెల్ష్‌లో కొండకి తగిలిన గిన్నె లాంటి చోటు. మన పడక్కుర్చీ ఊహించుకోండి. వెనక నిటారు గోడ, కూర్చునే దగ్గర గుంట, ముందు కొంచెం లేచిన అంచు. కొండ నీడ పక్కన, ఎక్కువగా ఈశాన్యం వైపు, ఎండ తక్కువ తగిలే చోట స్నో పోగై, ఐసయి, గుంటలో గిర్రున జారినట్టు తిరుగుతూ అడుగుని తవ్వుతుంది. అంచు దగ్గర బలం తగ్గి తక్కువ తవ్వుతుంది కాబట్టి అంచు మిగులుతుంది. ఐసు పోయాక ఆ గుంటలో నీళ్ళు నిలబడితే చెరువు. అక్కడి చెరువు పేరు లిన్ ఇద్వల్, దాని గట్టున ఉన్న చిన్న చిన్న మట్టిదిబ్బలు సుమారు 12 వేల ఏళ్ళ క్రితం ఆఖరి సారి ఐసు తిరిగొచ్చినప్పుడు వదిలి వెళ్ళినవి.

గోదారిగట్టు_కిట్టు

రాతిపిచ్చి అన్నా ఒక డౌటు. లోయలు నది కూడా కోస్తుంది కదా, మా పాపికొండలు గోదారి కోసిందే కదా, మరి ఇది నది కాదు గ్లేసియరే అని గ్యారంటీ ఏంటి? మీ జియాలజీ వాళ్ళు ఏం చెప్పినా మేం నమ్మాలా 😀

రాతిపిచ్చి

నమ్మొద్దు కిట్టూ, చూడు. నది కోసేది తను పారే అడుగున మాత్రమే, పక్క గట్లు వాటంతట అవి విరిగి జారుతుంటాయి, అందుకే కొండల్లో నది లోయ వి ఆకారంలో ఉంటుంది, నది ఏ కొండ ముక్కు అడ్డొస్తే దాన్ని చుట్టుకుని వంకర్లు పోతుంది. గ్లేసియర్ లోయంతా నిండిపోయి కూర్చుంటుంది, అడుగూ పక్కలూ ఒకేసారి గీకుతుంది, ఏ ముక్కు అడ్డొచ్చినా కోసుకుని తిన్నగా పోతుంది. దాంతో యు ఆకారం. కుమ్ ఇద్వల్ నుంచి కిందికి చూస్తే నాంట్ ఫ్రాంకన్ అనే లోయ ఉంది, పలక లాగా చదునైన అడుగు, అటూ ఇటూ గోడలు, మధ్యలో ఒక చిన్న ఏరు, ఆ లోయకి ఆ ఏరు తాత చొక్కా వేసుకున్న మనవడిలా ఉంటుంది. అంత పెద్ద లోయని ఆ ఏరు తవ్విందంటే నువ్వు నమ్ముతావా?

పక్క లోయల్లో చిన్న గ్లేసియర్లు ఉంటాయి, అవి తక్కువ తవ్వుతాయి, ఐసు పోయాక వాటి అడుగు మెయిన్ లోయ కంటే చాలా ఎత్తులో గాల్లో వేలాడుతూ మిగులుతుంది, అక్కణ్ణించి నీళ్ళు దూకితే జలపాతం.

ఇంక ఆఖరి దెబ్బ. విండర్‌మియర్ నీటి మట్టం సముద్రానికి 39 మీటర్ల ఎత్తులో ఉంది. లోతైన చోట లోతు 60 మీటర్ల పైనే. అంటే అడుగు సముద్రమట్టం కంటే కిందికి పోయింది. నది పల్లానికే పారాలి, సముద్రం కంటే కిందికి గొయ్యి తవ్వి మళ్ళీ ఎక్కలేదు. ఐసు వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఎదురెక్కగలదు. అక్కా, మీరు బోటెక్కి గ్లేసియర్ ఎక్కడ గ్లేసియర్ ఎక్కడ అని వెతికారు చూడండి, అది తవ్విన గొయ్యి మీదే తేలుతున్నారు.

పలకల_బజారు

మాది మార్కాపురం, అందుకని ఈ టాపిక్‌లో వేలు పెడుతున్నా. పైన ఆయన చెప్పిన నాంట్ ఫ్రాంకన్ లోయ దిగితే బెథెస్డా అనే ఊరొస్తుంది, అక్కడ పెన్రిన్ అనే స్లేటు క్వారీ ఉంది, ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్దదంట. స్లేటంటే ఏం లేదు, మా ఊళ్ళో తవ్వి దేశమంతా బడి పిల్లలకి పంపిన పలక రాయే. వాళ్ళు ఎక్కువగా ఇళ్ళ పైకప్పులకి వాడారు, ఇంగ్లండ్‌లో పాత ఇళ్ళ మీద బూడిద రంగు పెంకులు కనిపిస్తాయే, చాలావరకు అవే. ఆ రాయి పొర పొరగా విడిపోతుంది, ఉలి పెట్టి సరైన చోట కొడితే అప్పడంలా విడుతుంది, మా నాన్న చెయ్యడం చిన్నప్పుడు చూశా, ఇక్కడ మ్యూజియంలో ఒక పెద్దాయన అదే పని చేసి చూపిస్తుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, చేతి వాటం కూడా సేమ్.

కానీ పిల్లాడు ఒక తప్పు రాయకుండా చూడండి. స్లేటుని గ్లేసియర్ చెయ్యలేదు. ఆ రాయి వయసు 50 కోట్ల ఏళ్ళ లెక్క, ఐసు నిన్న మొన్నటిది. ఐసు చేసిందల్లా పైన మట్టి గీకేసి, కొండ పక్కల్ని కోసేసి రాయిని బయట పెట్టడం. అది కూడా తక్కువ సాయం కాదు, తవ్వేవాడికి అడుగు మట్టి తియ్యాల్సొస్తే తెలుస్తుంది ఆ బాధ. పెన్రిన్‌లో 1900 నుంచి 1903 దాకా కూలీలు సమ్మె చేశారు, మూడేళ్ళు, ఊరు రెండు ముక్కలైంది. 2021లో ఆ స్లేటు ప్రాంతాలన్నిటికీ యునెస్కో గుర్తింపు ఇచ్చారు. ఇప్పుడు అదే గొయ్యి మీద జిప్ లైన్ వేసి జనాన్ని తీగ మీద వేలాడదీసి పంపిస్తున్నారు, టికెట్ చూస్తే మా నాన్న నెల జీతం గుర్తొచ్చింది.

కరెంటోడు_నల్లగొండ

మంచి ముచ్చట నడుస్తున్నది. నేను కరెంటు డిపార్ట్‌మెంట్ల చేసి రిటైరైన, కొడుకు దగ్గరికి వచ్చి మూడు నెలలు ఇక్కడ ఉన్న. వాడు నన్ను లాన్‌బెరిస్ తీస్కపోయిండు, అది కూడ ఆ నార్త్ వేల్స్ కొండలల్లనే. అందరూ కొండ దిక్కు చూస్తాండ్రు, నేను కొండ లోపట ఏమున్నదో సూడనీకి పోయిన.

మన శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్ తెల్సు కదా, భూమి లోపట ఉంటది, 150 మెగావాట్ల మిషన్లు ఆరు, మొత్తం 900. అవి రెండు దిక్కుల తిరుగుతయి. కరెంటు కావాలంటే నీళ్ళు కిందికి ఇడుస్తరు, కరెంటు మిగిలితే అదే మిషన్‌తోని నీళ్ళు మళ్ళ పైకి తోడుతరు. ఇక్కడ కొండ లోపట ఉన్న డినోర్విగ్ పవర్‌హౌస్ కూడా గదే పని, 1984ల మొదలైంది, ఇక్కడ కూడ ఆరు మిషన్లే గానీ మొత్తం 1,728 మెగావాట్లు. మిషన్లు ముందే తిప్పి రెడీగ పెడితె 16 సెకండ్లల్ల ఫుల్ లోడ్ అందుకుంటది అన్నరు. టీవీల ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోంగనె దేశమంత లేచి ఒక్కసారి టీ కెటిల్ ఆన్ చేస్తరు కదా, ఆ దెబ్బకి నిలబడేటందుకు. నవ్వకుండ్రి, గ్రిడ్‌ల కూసున్నోనికి తెలుస్తది ఆ ఐదు నిమిషాలు ఎట్లుంటయో.

ఇగ గ్లేసియర్‌కి ఏం సంబంధం అంటే, ఇసొంటి ప్లాంటుకి రెండు చెరువులు కావాలె, ఒకటి పైన ఒకటి కింద, నడుమ దూరం తక్కువుండాలె, ఎత్తు తేడా ఎక్కువుండాలె. మనం గట్లాంటి జాగ దొర్కాలంటే జిల్లాలు జిల్లాలు సర్వే చెయ్యాలె. వీళ్ళకి ఐసు తవ్వి పెట్టి పోయింది. పైన చెరువు మార్ఖ్‌లిన్ మౌర్, అది రాతిపిచ్చి తమ్ముడు చెప్పిన పడక్కుర్చీ గుంట. కింద చెరువు లిన్ పెరిస్, అది యు లోయల పొడుగ్గ పడుకున్న చెరువు. తేడా 500 మీటర్లు ఉంటది. మిషన్లేమో 1969ల మూతబడ్డ స్లేటు క్వారీ కిందికి కొండని తొలిచి పెట్టిండ్రు. నేషనల్ పార్కు అంచున ఉన్నది కాబట్టి బయటికి కనపడొద్దు అని. బయట నిలబడితే పవర్‌హౌస్ ఉన్నట్టె తెల్వది.

ఇంకొకటి బాబుకి చెప్పుండ్రి. ఆ చెరువుల ఆర్కిటిక్ చార్ అని ఒక చాప ఉండేది, చలి దేశం చాప, మంచుయుగం అయిపోయినంక ఈ లోయలల్ల చిక్కుకపోయింది. నీళ్ళు దినాం పైకీ కిందికీ పోతుంటె అది బతుకదని కట్టుకం టైముల పట్టి వేరే చెరువులల్లకి తీస్కపోయి ఇడ్సిండ్రంట. మన దగ్గర ప్రాజెక్టు కడితె మనుషులకే దిక్కు లేదు.

కంబ్రియా_సిస్టర్

హాయ్ అండి, నేను నర్సుని, కెజిక్ దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, అంటే మీరు పులిహోర తిన్న చోటికి కొంచెం పైన. ఈసారి వస్తే మెసేజ్ పెట్టండి, కనీసం వేడి సాంబారు ఇస్తా.

గొర్రెలు, హోటళ్ళు తప్ప ఏం లేదన్నారు కదా, మీ ఇంట్లో కుళాయి తిప్పండి. మాంచెస్టర్ వైపు వచ్చే నీళ్ళలో థిర్ల్‌మియర్ నీళ్ళుంటాయి. అది కూడా గ్లేసియర్ లోయే, ముందు సన్నటి చెరువుండేది, మాంచెస్టర్ కార్పొరేషన్ వాళ్ళు డ్యామ్ కట్టి మట్టం పెంచారు, 1894లో నీళ్ళు మీ ఊరు చేరాయి. 96 మైళ్ళు, మధ్యలో ఎక్కడా పంపు లేదు, మైలుకి సుమారు 20 అంగుళాల వాలుతో అంత దూరం వాటంతట అవే నడిచొస్తాయి. ఇరుకు నోరు, లోతు కడుపు, అడుగున నీళ్ళు ఇంకని రాయి, పైన ఆగని వాన, డ్యామ్ కట్టేవాడికి ఇంకేం కావాలి. అప్పట్లో ఇక్కడి వాళ్ళు, కవులు, రచయితలు పెద్ద ఎత్తున గొడవ చేశారు, ఆపలేకపోయారు. తర్వాత 1930ల్లో హాజ్‌వాటర్ అనే ఇంకో చెరువు దగ్గర మార్‌డేల్ అనే ఊరినే ముంచేశారు, బాగా కరువొచ్చిన ఏడాది నీళ్ళు దిగితే ఆ ఇళ్ళ గోడలు, చిన్న వంతెన బయటపడతాయి, జనం కార్లు వేసుకుని చూడ్డానికొస్తారు. నాకెందుకో చూడబుద్ధి కాలేదు. మాది పోలవరం ముంపు మండలం.

గొర్రెల సంగతి కూడా అంత తేలిక కాదు. ఇక్కడ కొండ మీద మట్టి అరచేతి మందం, పులిసిన మట్టి (యాసిడ్ ఎక్కువ), నాగలి దిగదు. మన దగ్గరైతే ఈ వానకి మూడు పంటలు తీసేవాళ్ళు, ఇక్కడ గడ్డి తప్ప రాదు. లోయ అడుగున మాత్రం కొంచెం మంచి నేల, అక్కడ ఎండుగడ్డి కోసుకుంటారు. కొండ మీద కంచెలుండవు, హెర్డ్‌విక్ అనే జాతి గొర్రెలు తమ మేత చోటు దాటి పోవు, తల్లి పిల్లకి చూపిస్తుంది, ఆ పిల్ల దాని పిల్లకి, దాన్ని హెఫ్ట్ అంటారు. 2001లో గాలికుంటు వచ్చి మందలకి మందలు చంపేస్తున్నప్పుడు ఇక్కడ రైతుల భయం డబ్బు గురించి మాత్రమే కాదు, మంద పోతే ఆ తెలివి కూడా పోతుంది, సంతలో కొత్త గొర్రెని కొనొచ్చు కానీ దానికి కొండ తెలియదు కదా. గోడల గురించి అడగలేదు కానీ చెప్తా, గ్లేసియర్ పొలాల్లో వదిలేసిన రాళ్ళు ఏరి ఎక్కడ పెట్టాలో తెలియక కట్టినవి చాలా ఉన్నాయి. వాస్‌డేల్ హెడ్ అనే చోట కొన్ని గోడలు మనిషి పడుకోవచ్చు అంత వెడల్పు.

ఇంక మేముండే కెజిక్. ఐసు పోయాక ఇక్కడ ఒకటే పొడుగాటి చెరువుండేది. పక్క కొండల నుంచి ఏర్లు మట్టి తెచ్చి మధ్యలో పూడ్చేస్తే రెండయ్యాయి, డెర్వెంట్‌వాటర్, బాసెన్‌త్వెయిట్. ఆ పూడిక దగ్గరే చదును నేల దొరికిందని ఊరు కట్టుకున్నారు. కొండల మధ్య చదును ఎందుకుందో ఆలోచించని ఊరు మాది. 2015 డిసెంబర్ తుఫానులో పక్కనే హోనిస్టర్ పాస్ దగ్గర 24 గంటల్లో 341 మిల్లీమీటర్ల వాన, ఈ దేశంలోనే రికార్డు. వరద కోసం అద్దాల గోడ కట్టారు, చూడ్డానికి బాగుంటుంది, ఆ రాత్రి నీళ్ళు దాని మీద నుంచి దూకాయి. నేను నైట్ డ్యూటీలో ఇరుక్కుని 30 గంటలు చేశా, అది వేరే కథ.

టూరిస్టుల గురించి మంచీ చెడూ రెండూ రాయమనండి. పార్కులో ఉండేది సుమారు 40 వేల మంది, ఏడాదికి వచ్చేది కోటిన్నర పైన. పని దొరుకుతుంది, నిజమే. ఇళ్ళు దొరకవు, అదీ నిజమే, సగం వీధి వీకెండ్ ఇళ్ళే, చలికాలం సాయంత్రం నడుస్తుంటే దీపం ఉన్న కిటికీలు లెక్కపెట్టొచ్చు. విండర్‌మియర్‌లో స్పీడు బోట్లతో గొడవలయ్యి 2005 నుంచి గంటకి సుమారు 10 మైళ్ళు దాటకూడదని రూలు పెట్టారు, మీ బోటు మెల్లగా పోయింది అందుకే, డ్రైవర్ని తిట్టుకోకండి.

చెప్పుల్లో_ట్రెక్కింగ్

అందరూ సీరియస్‌గా చెప్తున్నారు, నా పరువు తీసుకునే కథ ఒకటి వేస్తా. హెల్వెల్లిన్ అని 950 మీటర్ల కొండ, దాని మీదికి స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే దారి. అటు ఒక గ్లేసియర్ ఇటు ఒక గ్లేసియర్ వెనక గోడల్ని తినుకుంటూ వచ్చి వచ్చి మధ్యలో కత్తి అంచంత రాయి మిగిల్చాయన్నమాట, ఒక పక్క కింద రెడ్ టార్న్ అనే చెరువు, ఇంకో పక్క చూడకూడదు. ఫిబ్రవరిలో మా బ్యాచ్ నలుగురం, నేను రన్నింగ్ షూస్, కింద వాన, పైన ఐసు. సగం దాకా హీరోలా వెళ్ళా, ఆ తర్వాత గుర్రం ఎక్కినట్టు రాతి మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుండిపోయా, ముందుకీ పోలేను వెనక్కీ రాలేను, ఆంజనేయ దండకం మొత్తం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. వెనకొచ్చిన ఒక ముసలావిడ, డెబ్బై ఉంటాయి, చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగు చెప్పి దించింది.

తర్వాత తెలిసింది చలికాలమంతా రోజూ ఒక మనిషి హెల్వెల్లిన్ ఎక్కి పైన ఐసు ఎలా ఉందో రిపోర్టు పెడతాడని, అది వాడి ఉద్యోగం. అది చదివి వెళ్ళి ఉంటే కార్లోనే కూర్చునేవాణ్ణి. మౌంటెన్ రెస్క్యూ వాళ్ళేమో జీతం లేకుండా వస్తారు, వాలంటీర్లు. అక్కా మీవాడు రిస్కు గురించి రాస్తే ఇది వాడుకోమనండి, నా పేరు వద్దు.

తణుకు_టు_మాంచెస్టర్

బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ థాంక్స్ అండి. రాత్రి మావాడికి ఇదంతా చదివి వినిపించా (తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది). కరెంటాయన గారి మాట మాత్రం రెండు సార్లు చదవాల్సొచ్చింది, నాక్కూడా. వాడు విండర్‌మియర్ పక్కన పెట్టేసి నాంట్ ఫ్రాంకన్, లాన్‌బెరిస్ తీసుకున్నాడు. పైన గిన్నె, కింద పొడుగు చెరువు, మధ్యలో కొండ లోపల మిషన్లు, బొమ్మ వేశాడు, చాప కూడా వేశాడు. ఆ లోయలో రోడ్డు కూడా ఉందమ్మా అని వాడే వెతికాడు, లండన్ నుంచి ఐర్లండ్ ఓడ ఎక్కే హోలీహెడ్ దాకా టెల్ఫర్డ్ అనే ఇంజినీరు 1815 తర్వాత వేసిందంట, గుర్రబ్బళ్ళ కోసం ఆ లోయలో ఎక్కడా 22 అడుగులకి ఒక అడుగు మించి ఎక్కకుండా వేశాడంట, కొండల్లో అంత నున్నటి వాలు దొరికింది ఐసు వల్లే కదా అంటున్నాడు. కరెక్టేనా రాతిపిచ్చి గారూ? కుళాయి సంగతి విన్న దగ్గర్నుంచి మా చిన్నది నీళ్ళు తాగినప్పుడల్లా "గ్లేసియర్ వాటర్" అంటోంది, అది వాన నీళ్ళే గ్లేసియర్ కాదు అని వాడు కొట్లాట.

సిస్టర్ గారూ, సాంబారు మర్చిపోను. ముంపు సంగతి చదివి కాసేపు అలా ఉండిపోయా.

రాతిపిచ్చి

రోడ్డు విషయం చాలావరకు కరెక్టే, కానీ లోయ తల దగ్గర గ్లేసియర్ ఒక పెద్ద రాతి మెట్టు కూడా వదిలింది, ఆగ్వెన్ జలపాతం దూకేది అక్కడే. టెల్ఫర్డ్ ఆ మెట్టు తప్పించుకోడానికి లోయ అడుగున కాకుండా పక్క గోడని పట్టుకుని మెల్లగా ఎక్కించాడు. అంటే ఐసు సాయమూ చేసింది, అడ్డమూ పెట్టింది. ఇది రాస్తే టీచర్ మెచ్చుకుంటారు.

సింగరేణి_తాత

లేటుగా చూశాను. నేను సింగరేణిలో బోర్ల సెక్షన్‌లో చేశాను. గ్లేసియర్లంటే మీ సీమదేశంవే అనుకుంటున్నారు, మన గోదావరి లోయలో కూడా ఉన్నాయి బాబూ, అంటే వాటి గుర్తులు. బొగ్గు పొరల కిందికి ఇంకా బోర్ దించితే ఆకుపచ్చ రంగు మెత్తటి రాయి, దాంట్లో చిన్నా పెద్దా గుండ్లు కలిసి వస్తాయి. నీరు తెచ్చిన గుండ్లయితే సైజుల వారీగా సర్దుకుంటాయి, ఇవి ఎవరో గోతం దులిపినట్టు అన్నీ కలగలుపు. దాన్ని తాల్చేర్ రాయి అంటాం, ఒడిశాలో ఉన్న ఊరి పేరు. సుమారు 30 కోట్ల ఏళ్ళ నాడు మన దేశం దక్షిణ ధ్రువం దగ్గర ఉన్నప్పటిది. మా ఆదిలాబాద్ అవతల చంద్రపూర్ వైపు పెన్‌గంగ ఒడ్డున ఇరాయి అనే చోట సున్నపురాయి బండ మీద ఆ ఐసు గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి, ఎండకి కాళ్ళు కాలుతుంటే వాటి మీద నిలబడ్డాను నేను. ఆ ఐసు పోయాక మొలిచిన అడవే తర్వాత బొగ్గు అయింది, మేం తవ్వింది అదే.

తణుకు_టు_మాంచెస్టర్

తాతగారూ ఇది చదవగానే మా ఆయన "చూశావా, ఇండియాలో గ్లేసియర్ అని నేను ముందే చెప్పలేదా" అని హాల్లోకి వెళ్ళి మరీ చెప్పొచ్చాడు. మనాలి ఎక్కడ పెన్‌గంగ ఎక్కడ. మావాడు హెడ్‌ఫోన్స్ ఒక చెవి తీసి పెన్‌గంగ స్పెల్లింగ్ అడిగాడు, ఈయనకి రాలేదు, ఇద్దరూ మ్యాప్ తెరిచి కూర్చున్నారు ఇప్పుడు.